జియోనా, ఎయిర్‌టెలా, వీనా, బీఎస్‌ఎన్‌ఎలా: కంపెనీ పుట్టుక చూసి సిమ్ ఎంచుకోండి

"ఏ సిమ్ తీసుకోమంటారు?" అని అడిగితే తలా ఒకటి చెప్తారు, అందరూ నిజమే చెప్తారు. ఎవరింట్లో ఏది పనిచేస్తే వాళ్లకి అదే మంచిది. కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉండేవాళ్ల అనుభవం పాడేరు దగ్గర ఉద్యోగం చేసే టీచరమ్మకు పెద్దగా పనికిరాదు. అందుకని నేను ఇక్కడ "ఇదే బెస్ట్" అని ఒక పేరు చెప్పి వదిలేయను.

ఇప్పుడు మనకున్న నాలుగు కంపెనీలూ ఫోన్ రంగంలో ప్రభుత్వ గుత్తాధిపత్యం పోయి పోటీ వచ్చిన ఒక్కో దశలో పుట్టాయి. ఎప్పుడు పుట్టిందో, ఎవరిని కలుపుకుందో, ఏ టెక్నాలజీతో మొదలైందో చూస్తే చాలు, దాని టవర్లు ఎక్కడ గట్టిగా ఉంటాయో, మీ పాత ఫోన్ దానిలో పనిచేస్తుందో లేదో, రేపు దాని పరిస్థితి ఏమిటో చాలావరకు తెలిసిపోతుంది. ప్లాన్ల ధరలు మాత్రం రాయడం లేదు, అవి తరచూ మారుతుంటాయి, రీఛార్జ్ చేసే రోజు కంపెనీ యాప్‌లో చూసుకోవాల్సిందే.

ముందు ఏం చూసుకోవాలి

అన్నిటికంటే ముందు సిగ్నల్. వీధిలో ఎలా ఉందన్నది తర్వాత, మీరు రాత్రి పడుకునే గదిలో, పగలు కూర్చునే కుర్చీలో, రోజూ వెళ్లే బస్సు దారిలో ఎలా ఉందో చూడాలి. దీన్ని తేల్చుకోవడానికి ప్రకటనలూ స్పీడ్ ర్యాంకులూ అక్కర్లేదు. ఇంటికొచ్చిన చుట్టాల ఫోన్ అడిగి తీసుకుని, లోపలి గదిలోకి వెళ్లి తలుపేసి, మామూలు కాల్ ఒకటి చేసి ఐదు నిమిషాలు మాట్లాడండి, తర్వాత వైఫై ఆపేసి ఒక వీడియో పెట్టి చూడండి. ఇదే పని సాయంత్రం ఏడు నుంచి పది మధ్య ఇంకోసారి చేయండి, టవర్ మీద రద్దీ ఎంతుందో అప్పుడే బయటపడుతుంది. ఫోన్‌లో కనిపించే గీతలు సిగ్నల్ ఎంత గట్టిగా అందుతోందో చెప్తాయి గానీ, ఆ టవర్‌ని ఎంతమంది పంచుకుంటున్నారో చెప్పవు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన నాణ్యతా నిబంధనల ప్రకారం కంపెనీలన్నీ తమ వెబ్‌సైట్లలో కవరేజీ మ్యాపులు పెట్టాలి. మీ ఊళ్లో ఎవరెవరున్నారో తెలుసుకోవడానికి ఆ మ్యాప్ పనికొస్తుంది, గోడల లోపలి సంగతి మాత్రం మీరే చూసుకోవాలి.

రెండోది మీ చేతిలో ఉన్న ఫోన్. 2జీ కీప్యాడ్ ఫోనా, 4జీ ఫోనా, 5జీ ఫోనా అన్నదాన్నిబట్టే సగం నిర్ణయం అయిపోతుంది. మూడోది, నంబరు బతికి ఉండటానికి ఏడాదికి కనీసం ఎంత కట్టాలి అన్నది. నెలకు ఎంత అని కాకుండా ఏడాదికి లెక్కేయండి, ఎందుకంటే 28 రోజుల ప్లాన్ అయితే ఏడాదికి పన్నెండు సార్లతో సరిపోదు, పదమూడు సార్లు రీఛార్జ్ చేయాల్సి వస్తుంది. నాలుగోది డేటా అవసరం, ఇంట్లో వైఫై ఉంటే ఇది మీరు అనుకునేదానికంటే చాలా తక్కువే ఉంటుంది. ఐదోది, కంపెనీ ఆర్థికంగా నిలబడేదేనా? ఇది అవసరమా అనిపించొచ్చు గానీ, 2018లో ఎయిర్‌సెల్ మూతపడినప్పుడు పోర్ట్ కోడ్ (నంబరు అదే ఉంచుకుని వేరే కంపెనీకి మారడానికి కావాల్సిన కోడ్) రాక జనం ఎంత టెన్షన్ పడ్డారో గుర్తున్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ఒక్క కంపెనీ నుంచి నాలుగు కంపెనీల దాకా

1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో మొదటి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు పెట్టింది ఒక ప్రైవేటు కంపెనీ. 1885 టెలిగ్రాఫ్ చట్టం మాత్రం తీగల మీద సందేశాలు పంపే హక్కంతా ప్రభుత్వానిదే అంది. ఆ చట్టం నీడలోనే స్వాతంత్ర్యం తర్వాత కూడా తపాలా తంతి శాఖ, 1985 నుంచి టెలికాం శాఖ ఫోన్లు ఇస్తూ వచ్చాయి. ఎంత ఇచ్చాయి? 1994 టెలికాం విధానం పత్రంలోనే ఉంది: దేశం మొత్తానికి సుమారు 80 లక్షల లైన్లు, వంద మందికి 0.8 ఫోను, దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్నవాళ్లు 25 లక్షల మంది. ఉన్న లైన్లలో ప్రతి మూడింటికీ దాదాపు ఒకరు క్యూలో నిలబడి ఉన్నారన్నమాట. డబ్బు ఎక్కువ కట్టగలిగినవాళ్లకు ఓవైటీ అని వేరే క్యూ ఉండేది. పొరుగూరికి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి కూర్చోవాలి, తొందరైతే అర్జెంట్, ఇంకా తొందరైతే లైట్నింగ్, దేనికి తగ్గ రేటు దానికి.

80ల చివర్లో వచ్చిన ఎస్టీడీ బూత్‌లు ఈ పరిస్థితిని చాలా మార్చాయి. చెక్క క్యాబిన్, గాజు తలుపు, లోపల కళ్ల ఎదురుగా ఎర్ర అంకెల మీటరు. మాట్లాడుతున్నంతసేపూ కళ్లు మీటరు మీదే, అంకె మారేలోపు ఇంకో మాట, బయటకు రాగానే చిన్న ప్రింటర్‌లోంచి బిల్లు చీటీ. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుందని బూత్ ముందు జనం నిలబడేవాళ్లు. బూత్‌లు ఊరూరా పెరిగినా వెనక ఉన్న కంపెనీ మాత్రం ఒకటే, లైను బాగోలేకపోతే వేరే దగ్గరికి వెళ్దామంటే వేరే దగ్గరంటూ లేదు.

తలుపు తెరిచింది 1994 విధానం. 1995 జూలై 31న అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌కి మొదటి మొబైల్ కాల్ చేశారు. కానీ అప్పుడు వచ్చింది సగం పోటీయే. ఒక్కో సర్కిల్‌కి, అంటే సుమారుగా ఒక్కో రాష్ట్రానికి, ఇద్దరికే లైసెన్సు. మన ఆంధ్రప్రదేశ్‌లో జేటీ మొబైల్స్, టాటా సెల్యులార్. నిమిషానికి పదహారు రూపాయల దాకా రేటు, వచ్చిన కాల్‌కి కూడా మనమే కట్టాలి, ఫోన్ మోగితే నంబరు చూసి కట్ చేసి ల్యాండ్‌లైన్ నుంచి తిరిగి చేసే రోజులు. కంపెనీలు పోటాపోటీగా పాడిన లైసెన్సు ఫీజులు కట్టలేక చేతులెత్తేశాయి కూడా. ఇద్దరున్నంత మాత్రాన పోటీ ఉన్నట్టు కాదని నాకు గట్టిగా అనిపించేది ఈ అయిదారేళ్లు చూసే.

అసలు మార్పు నియమాలు మారాక వచ్చింది. 1997లో ట్రాయ్ ఏర్పడింది, అంటే ఆట ఆడే శాఖే అంపైర్‌గా ఉండే పద్ధతి పోయింది. 1999 విధానంతో లైసెన్సు ఫీజు బదులు ఆదాయంలో వాటా కట్టే ఏర్పాటు వచ్చింది. 2000 అక్టోబరు 1న టెలికాం శాఖ నుంచి సర్వీసును విడదీసి బీఎస్‌ఎన్‌ఎల్ పెట్టారు. ఎస్టీడీ, ఆ తర్వాత 2002లో ఐఎస్‌డీ కూడా ప్రైవేటుకు తెరిచారు. 2003 మే నుంచి ఇన్‌కమింగ్ ఉచితం. మొబైల్ సామాన్యుడి చేతికొచ్చింది ఆ ఒక్క నియమంతోనే అని నా నమ్మకం. 2009లో టాటా డొకోమో సెకనుకు పైసా అనగానే మిగతావాళ్లూ దిగొచ్చారు. ఒక దశలో మన సర్కిల్‌లో ఎయిర్‌టెల్, ఐడియా, వొడాఫోన్, బీఎస్‌ఎన్‌ఎల్, రిలయన్స్, టాటా, ఎయిర్‌సెల్, యూనినార్ అన్నీ ఒకేసారి ఉండేవి.

2011 జనవరి 20 తేదీని మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. ఆ రోజు నుంచి దేశమంతా నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే వీలు వచ్చింది. అంతకుముందు నంబరు మొదటి అంకెలు చూస్తే కంపెనీ తెలిసిపోయేది: 9440 అంటే బీఎస్‌ఎన్‌ఎల్, 9848 ఐడియా, 9849 ఎయిర్‌టెల్, 9885 హచ్ (తర్వాతి వొడాఫోన్). ఆ నంబరే మనల్ని కట్టిపడేసేది. బ్యాంకులో, స్కూల్లో, చుట్టాల డైరీల్లో, షాపు బోర్డు మీద ఉన్న నంబరు వదులుకోలేక సర్వీసు ఎలా ఉన్నా సర్దుకుపోయేవాళ్లం. పేరుకి ఎనిమిది కంపెనీలున్నా వదిలి వెళ్లే దారి లేకపోతే మీ వరకు ఒక్క కంపెనీ ఉన్నట్టే కదా.

తర్వాత కథ తొందరగా నడిచింది. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చి నెలల తరబడి ఉచితంగా ఇచ్చింది. 2017 అక్టోబరులో కంపెనీలు ఒకదానికొకటి కట్టుకునే కాల్ ఛార్జీని ట్రాయ్ 14 పైసల నుంచి 6 పైసలకు దించింది. ఒకటిన్నర రెండేళ్లలో ఆర్‌కామ్ (రిలయన్స్ కమ్యూనికేషన్స్) మొబైల్ సేవలు ఆపేసింది, ఎయిర్‌సెల్ దివాలా తీసింది, టెలినార్ (పాత యూనినార్), టాటాల మొబైల్ వ్యాపారాలు ఎయిర్‌టెల్‌లో కలిశాయి, వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. మిగిలింది నలుగురు. అందులోనూ దేశంలో నూటికి డెబ్బైకి పైగా మొబైల్ కనెక్షన్లు జియో, ఎయిర్‌టెల్ దగ్గరే ఉన్నాయి.

బీఎస్‌ఎన్‌ఎల్

గుత్తాధిపత్యం రోజుల ఆస్తి మొత్తం దీనికే వచ్చింది: ఎక్స్ఛేంజీ భవనాలు, ఊళ్ల దాకా వేసిన కేబుళ్లు, లాభం లేని చోట కూడా నడపాల్సిన బాధ్యత. ఆ బాధ్యతే కొందరికి వరం. ప్రైవేటు కంపెనీకి గిట్టుబాటు కాని కొండ ఊళ్లలో టవర్లు పెట్టే పనిని ప్రభుత్వం ఎక్కువగా దీనికే అప్పగించింది. 2022లో 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వాలని మొదలుపెట్టిన పథకం అలాంటిదే.

బలహీనత కూడా అక్కడి నుంచే వచ్చింది. మొబైల్‌లోకి ఆలస్యంగా, 2002లో దిగింది. 4జీకి ఇంకా ఆలస్యం, విదేశీ పరికరాలు కాదని మన దేశపు సంస్థలు టీసీఎస్, తేజస్, సీ-డాట్ కలిసి తయారుచేసిన సొంత వ్యవస్థతో 2025 సెప్టెంబరు 27న దేశమంతా లాంఛనంగా మొదలుపెట్టింది. సొంత టెక్నాలజీ రావడం నాకు నిజంగా సంతోషం, కానీ సిమ్ కొనేముందు సంతోషం పక్కనపెట్టి ఒక్కటి చూసుకోండి: దీని 4జీ 700, 2100 మెగాహెర్ట్జ్ బ్యాండ్ల మీద నడుస్తుంది, కొన్ని పాత 4జీ ఫోన్లు 700 బ్యాండ్‌ని పట్టుకోలేవు. ఫోన్ వివరాల్లో బ్యాండ్ 28 (700 బ్యాండ్‌ని అలా రాస్తారు) ఉందో లేదో చూడండి. 2020 ప్రాంతంలో సుమారు 78 వేల మంది ఉద్యోగులు స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు, కాబట్టి లైను పోయినప్పుడు వచ్చే మనిషి మీ ఊళ్లో ఎవరో, ఎన్ని రోజులకు వస్తాడో చుట్టుపక్కల వాళ్లని అడిగి తెలుసుకోవడం మంచిది.

ఎయిర్‌టెల్

ఇద్దరికే లైసెన్సులిచ్చిన కాలంలో పుట్టిన కంపెనీ. 1999లో జేటీ మొబైల్స్‌ని కొని మన సర్కిల్‌లోకి వచ్చింది, అంటే ఇక్కడి మొదటి రెండు మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకటి ఇప్పుడు దీని చేతిలో ఉంది. అప్పటి నుంచి పెంచుకుంటూ వచ్చిన 2జీని ఇంకా నడుపుతోంది, 3జీని మాత్రం 2020లో ఆపేసింది. కాబట్టి కీప్యాడ్ ఫోన్‌లోనూ పనిచేస్తుంది, 5జీ ఫోన్‌లోనూ పనిచేస్తుంది. ఇంట్లో ఒకే కంపెనీ సిమ్‌లు ఉండాలనుకుంటే, తాతయ్య ఫోన్ దగ్గర్నుంచి మనవడి ఫోన్ దాకా ఇబ్బంది లేకుండా సరిపోయేది ఇదే. ఖర్చు విషయంలో మాత్రం తక్కువలో పోయే రకం కాదు, ఎక్కువ కట్టగలిగే కస్టమర్ల మీదే దీని చూపు, కనీస రీఛార్జ్‌ని మెల్లమెల్లగా పైకి తీసుకెళ్లడం చాలాసార్లు చూశాం.

వీ

దీని కథ మన సర్కిల్‌లో ఆసక్తిగా ఉంటుంది. టాటా సెల్యులార్ బిర్లా, ఏటీ అండ్ టీ కంపెనీతో కలిసి, 2002లో ఐడియా అయింది. నాలుగో లైసెన్సుతో వచ్చిన హచ్ 2007లో వొడాఫోన్ అయింది. ఆ రెండూ 2018 ఆగస్టు 31న కలిశాయి. ఒకప్పుడు ఒకదానితో ఒకటి పోటీపడిన రెండు నెట్‌వర్కులు ఒకే గూటికి చేరాయి, దాంతో కస్టమర్లూ అప్పులూ కూడా కలిశాయి. 2019 అక్టోబరులో ఏజీఆర్ కేసులో (ప్రభుత్వానికి వాటా కట్టాల్సిన ఆదాయాన్ని ఎలా లెక్కేయాలన్న కేసు) సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక బకాయిల భారం మోయలేని స్థాయికి వెళ్లింది. బకాయిలను వాటాలుగా మార్చుకుంటూ వచ్చిన కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ నాటికి 48.99 శాతంతో ఇందులో అతిపెద్ద వాటాదారు అయింది. ప్రైవేటు పోటీ కోసం తలుపు తెరిచిన ప్రభుత్వమే ఇప్పుడు పోటీ మిగలడం కోసం ఒక ప్రైవేటు కంపెనీని నిలబెడుతోంది.

డబ్బు లేకపోవడం నెట్‌వర్క్‌లో కనిపిస్తుంది. జియో, ఎయిర్‌టెల్ 2022 అక్టోబరులో మొదలుపెట్టిన 5జీని ఇది 2025 మార్చిలో ముంబైతో మొదలుపెట్టింది. అయినా సరే, మీ ఇంట్లో వీ సిగ్నల్ బాగుంటే భయపడి పారిపోనక్కర్లేదు. కస్టమర్లు తగ్గిన చోట టవర్ మీద రద్దీ తక్కువ ఉండి 4జీ హాయిగా నడిచే వీధులు కూడా ఉంటాయి. ఏడాది ప్లాన్‌కి ఒకేసారి పెద్ద మొత్తం కట్టకుండా, చిన్న ప్లాన్లతో నడుపుకోవడం మంచిదని నా సలహా.

జియో

పోటీ పూర్తిగా తెరుచుకున్నాక, పాత బరువేమీ లేకుండా వచ్చింది. 2జీ, 3జీ అసలు లేవు, మొదటి రోజు నుంచి 4జీ మాత్రమే, మాట కూడా డేటా మీదే వెళ్తుంది. దాని బలం అదే, దాని పరిమితీ అదే. పాత 2జీ కీప్యాడ్ ఫోన్‌లో జియో సిమ్ వేస్తే పనిచేయదు, 2023లో వచ్చిన జియోభారత్ లాంటి 4జీ కీప్యాడ్ ఫోన్ కొనాలి. 5జీ కోసం 700 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ కొనుక్కుంది, అంత కింది బ్యాండ్ గోడల్లోంచి బాగా వస్తుంది కాబట్టి ఇళ్ల లోపల 5జీ అందడానికి అది అక్కరకొస్తుంది. డేటా ఎక్కువ వాడేవాళ్లకు పెట్టిన డబ్బుకు గిట్టుబాటు ఎక్కువగా ఇక్కడే. అయితే ఒక్క విషయం: జియోలోనూ ఎయిర్‌టెల్‌లోనూ 2024 జూలై నుంచి అపరిమిత 5జీ అన్నది రోజుకు 2 జీబీ, ఆ పైన ప్లాన్లకే పరిమితం చేశారు. తక్కువ ప్లాన్ వేసుకుని 5జీ రాలేదే అనుకోకండి, ముందే చూసుకోండి.

నాలుగూ పక్కపక్కన

| చూడాల్సింది | బీఎస్‌ఎన్‌ఎల్ | ఎయిర్‌టెల్ | వీ | జియో |
|---|---|---|---|---|
| ఎక్కడి నుంచి వచ్చింది | ప్రభుత్వ శాఖ నుంచి, 2000 | ఇద్దరే ఉన్న కాలం నుంచి | ఐడియా, వొడాఫోన్ కలయిక, 2018 | కొత్తగా, 2016 |
| 2జీ కీప్యాడ్ ఫోన్ | పనిచేస్తుంది | పనిచేస్తుంది | పనిచేస్తుంది | పనిచేయదు |
| 5జీ | ఇంకా వెనకే | విస్తారంగా | కొన్ని నగరాల్లో | విస్తారంగా |
| నంబరు నిలుపుకునే ఖర్చు | మామూలుగా తక్కువ | ఎక్కువ | ఎక్కువ | మధ్యస్థం |
| ఆర్థిక స్థితి | ప్రభుత్వ ప్యాకేజీల మీద | గట్టిగా | అప్పుల్లో | గట్టిగా |
| ఎవరికి | రెండో సిమ్, కొండ ప్రాంతాలు | ఇల్లంతా ఒకటే కావాలంటే | సిగ్నల్ బాగున్న నగరవాసులకు | డేటా ఎక్కువ వాడేవాళ్లకు |

మరి మీరు ఎవరు?

ఊళ్లో అమ్మానాన్నలకి, కీప్యాడ్ ఫోన్ వాడేవాళ్లకి డేటా ప్లాన్ అంటగట్టకండి. 2024 డిసెంబరులో ట్రాయ్ ఒక మంచి పని చేసింది: కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే ప్లాన్లు ప్రతి కంపెనీ ఇవ్వాల్సిందేనంది, అలాంటి వోచర్ల గడువును 90 రోజుల నుంచి 365 రోజుల దాకా పెంచుకోనిచ్చింది. ఈ ప్లాన్లు యాప్‌లో ముందు వరసలో కనపడవు, వెతకాలి, షాపులో అయితే అడిగి మరీ వేయించుకోవాలి. నాన్నగారు ఇంటర్నెట్ ముట్టుకోకపోయినా రోజుకు ఒకటిన్నర జీబీకి డబ్బు కడుతున్న ఇళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఎయిర్‌టెల్ గానీ వీ గానీ, ఊళ్లో ఏది అందితే అది, కాల్స్ ప్లాన్ వేయించి వదిలేస్తే ఏడాదంతా ప్రశాంతం. ఊళ్లో బీఎస్‌ఎన్‌ఎల్ బాగా అందితే ఖర్చు ఇంకా తగ్గుతుంది.

హైదరాబాద్, విజయవాడ హాస్టళ్లలో ఉండే పిల్లలకి డేటాయే ప్రాణం. జియో, ఎయిర్‌టెల్ రెండూ హాస్టల్ గదిలో పరీక్షించి చూడండి. ఒకే బిల్డింగ్‌లో ఎక్కువమంది వాడేది మీకు సాయంత్రం నెమ్మదిస్తుంది, కాబట్టి "అందరూ ఇదే వాడుతున్నారు" అన్న మాట విని తీసుకోవద్దు.

అరకు, పాడేరు, చింతూరు, ఆసిఫాబాద్ వైపు ఉద్యోగాలు చేసేవాళ్లకి ఎంపిక టవర్ చేతిలో ఉంది. ఒక ఊరికి ఒకే టవర్ ఉంటే అది ఎవరిదైతే వాళ్లదే గతి అన్నట్టుండేది. 2025 జనవరి నుంచి డిజిటల్ భారత్ నిధి అనే ప్రభుత్వ నిధి డబ్బుతో కట్టిన 4జీ టవర్లను వేరే కంపెనీల కస్టమర్లు కూడా వాడుకునే ఏర్పాటు మొదలైంది. మీ ఊరి టవర్ అలాంటిదేనా అన్నది స్థానికంగా ఉండే లైన్‌మన్‌నో, పాత టీచర్లనో అడగండి. అప్పటిదాకా బీఎస్‌ఎన్‌ఎల్ ఒకటి, ఇంకో కంపెనీది ఒకటి, రెండు సిమ్‌లు లేకుండా అక్కడికి వెళ్లొద్దు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ ఓటీపీల కోసం ఇక్కడి నంబరు ఉంచుకునేవాళ్లు డేటా సంగతి మరిచిపోయి రెండే చూడండి: అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేసి ఉందా, గడువు ఎప్పుడు అయిపోతుంది. 90 రోజులు వాడకం లేకపోతే నంబరు తీసేసే వీలు కంపెనీకి ఉంటుంది, తర్వాత అది ఇంకొకరికి వెళ్తుంది, మీ బ్యాంకు ఓటీపీలూ వాళ్లకే వెళ్తాయి. మీరున్న దేశంలో సిగ్నల్ పట్టుకుంటుందో లేదో వెళ్లేముందు కనుక్కోండి, రోమింగ్ ఒప్పందాలు కంపెనీకి ఒకలా ఉంటాయి. ఈ విషయంలో నేనైతే డబ్బు మిగుల్చుకోవాలని చూడను, జియో, ఎయిర్‌టెల్‌లలో ఒకటి పెట్టుకోమంటాను.

షాపు, ఆటో, డెలివరీ పని చేసేవాళ్లకి ఫోన్ ఆగితే ఆ గంట ఆదాయం ఆగుతుంది. మీకు రెండు సిమ్‌లు తప్పనిసరి, అవి రెండూ ఒకే కంపెనీవి కాకూడదు. ఒకటి పూర్తి ప్లాన్‌తో, రెండోది కనీస ప్లాన్‌తో చాలు.

ఇంటి ఇంటర్నెట్ గురించి రెండు ముక్కలు

ఫైబర్‌లో ఎంపిక ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది: బీఎస్‌ఎన్‌ఎల్, జియో, ఎయిర్‌టెల్, ఏసీటీ, ఊరి కేబుల్ ఆపరేటర్. కానీ చాలా అపార్ట్‌మెంట్లలో బిల్డర్‌తోనో, సంఘంతోనో ఒప్పందం చేసుకున్న ఒక్క కంపెనీకే లోపలికి దారి ఉంటుంది. దేశమంతా పోయిన గుత్తాధిపత్యం మీ మెట్ల దగ్గర కూర్చుని ఉంటుంది. ఫ్లాట్ అద్దెకు తీసుకునేముందు నీళ్ల సంగతి అడిగినట్టే ఏయే కేబుళ్లు పైకి వస్తాయో కూడా అడగండి. ఇల్లు సొంతమైతే సంఘం మీటింగ్‌లో రెండో కంపెనీకి అనుమతి ఇప్పించండి. రెండో కేబుల్ వచ్చాక మొదటి కంపెనీ ఫిర్యాదులకు పలికే తీరే వేరుగా ఉంటుంది. కేబుల్ రాని చోట 5జీ మీద నడిచే ఎయిర్‌ఫైబర్ ఉంది, కిటికీ దగ్గర సిగ్నల్ బాగుంటేనే తీసుకోండి.

మారాలనుకుంటే

2024 జూలైలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఒకదాని వెనక ఒకటి, రోజుల తేడాతో ధరలు పెంచాయి. ఆ తర్వాత కొన్ని నెలలు జనం బీఎస్‌ఎన్‌ఎల్‌కి తరలివెళ్లారు. నెట్‌వర్క్ సరిపోక చాలామంది వెనక్కి వచ్చారు కూడా. అయినా అలా కదలడం చాలా అవసరమని నేను నమ్ముతాను. మనలో కొందరైనా మారుతూ ఉంటేనే మారనివాళ్లకి కూడా ధర అదుపులో ఉంటుంది.

పద్ధతి తేలికే. మెసేజ్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో పోర్ట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు వేసి 1900కి పంపండి. వచ్చే కోడ్ మన దగ్గర నాలుగు రోజులు చెల్లుతుంది. ఆ కోడ్, ఆధార్ తీసుకుని కొత్త కంపెనీ షాపుకి వెళ్తే సిమ్ ఇస్తారు. ఇదే సర్కిల్‌లో అయితే మూడు పనిదినాలు, వేరే సర్కిల్‌కి అయితే ఐదు. లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్ కాబట్టి కర్నూలు నంబరుని హైదరాబాద్‌లో మార్చుకున్నా మూడు రోజులే.

కోడ్ రాకపోతే కారణం సాధారణంగా వీటిలో ఒకటి: ఆ కంపెనీలో మీకు ఇంకా 90 రోజులు నిండలేదు, పోస్ట్‌పెయిడ్ బిల్లు బాకీ ఉంది, సిమ్ వేరేవాళ్ల పేరు నుంచి మీ పేరుకి మారే ప్రక్రియలో ఉంది, లేదా ఏడు రోజుల లోపు సిమ్ మార్పించుకున్నారు. ఈ చివరిది 2024 జూలై 1 నుంచి మోసాలు ఆపడానికి పెట్టిన నియమం. ఏ కారణమూ లేకుండా ఆపితే కంపెనీ ఫిర్యాదు నంబరుకి ఫోన్ చేసి డాకెట్ (మీ ఫిర్యాదుకిచ్చే సంఖ్య) తీసుకోండి, తేలకపోతే అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లండి. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు తీర్చదు, దానికి రాసి కూర్చోవద్దు. వినియోగదారుల కమిషన్‌కి మాత్రం వెళ్లొచ్చు, టెలికాం కంపెనీల మీద ఫిర్యాదులు అక్కడ చెల్లుతాయని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

ఇంకో రెండు జాగ్రత్తలు. పాత ప్లాన్‌లో మిగిలిన రోజులూ బ్యాలెన్సూ కొత్త కంపెనీకి రావు, కాబట్టి గడువు అయిపోయే వారంలో కోడ్ అడగండి. మార్పు జరిగే రోజు కొన్ని గంటలు పాత సిమ్ ఆగిపోయి కొత్తది ఇంకా మొదలవ్వక ఫోన్ మూగబోతుంది, ఆ రోజు బ్యాంకు పని, రిజిస్ట్రేషన్, తత్కాల్ టికెట్ లాంటి ఓటీపీ పనులేవీ పెట్టుకోకండి.